దూరం తొక్కే పెద్ద ఒంటిచక్రం సైకిలుకు గేరు, క్రాంకు ఎంచుకోవడం ఎలా?

"36 అంగుళాల యూనిసైకిల్ తెప్పించుకున్నాను, గేరు హబ్ (చక్రం మధ్యలో ఉండే, లోపల గేర్లున్న ఇరుసు డబ్బా) వేయించుకోనా వద్దా?" బరంపురం నుంచి అడిగినా, పర్లాకిమిడి నుంచి అడిగినా, జయపురం నుంచి అడిగినా ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాను. గేరు సంగతి తేల్చుకునే ముందు క్రాంకు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ, పొడవు సంగతి తేలాలి. క్రాంకు సరిగ్గా కుదిరితే మనవైపు, అంటే దక్షిణ ఒడిశాలో, సముద్రపు ఒడ్డు రోడ్ల మీద తొక్కేవాళ్ళలో ఎక్కువమందికి గేరు హబ్ అవసరమే రాదు.

ఇది ఇప్పటికే తొక్కడం వచ్చినవాళ్ళకు. చిన్న చక్రం మీద గోడా స్తంభమూ పట్టుకోకుండా ఎక్కి, ఆగకుండా ఐదు కిలోమీటర్లు వెళ్ళగలిగితే మిగతాది చదవండి. అంతదాకా రాకపోతే ముందు 24 లేదా 29 అంగుళాల దాని మీద చెయ్యి తిరగనివ్వండి. ఈ లెక్కలు ఎక్కడికీ పోవు.

కావలసినవి

- కొలత టేపు, సుద్దముక్క
- గేజు ఉన్న గాలి పంపు
- పెడళ్ళకు 15 మి.మీ. పానా, క్రాంకు బోల్టులకు 8 మి.మీ. అలెన్ కీ
- మీ ఇరుసుకు సరిపోయే క్రాంకు పుల్లర్ (పళ్ళ ఇరుసుకు ఒక రకం, నాలుగు పలకల ఇరుసుకు ఇంకో రకం, తప్పుడు పుల్లర్ వాడితే క్రాంకు మర పోతుంది)
- కొంచెం గ్రీజు
- దూరం, ఎత్తు, వేగం చూపించే యాప్ ఉన్న ఫోన్
- హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు

గార్డులను చివర రాశానని చివరికి వదిలేయకండి. చిన్న చక్రం మీద పట్టు తప్పితే దిగి నాలుగు అడుగులు పరిగెత్తి ఆగుతాం. మీరు పరిగెత్తగలిగే వేగం దాటాక అది కుదరదు. నేరుగా చేతులు నేలకు తగులుతాయి. గేరు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

రెండే రెండు లెక్కలు

మొదటిది, పెడల్ ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం వెళ్తాం అనేది. 36 అంగుళాల చక్రానికి గేరు లేకుండా సుమారు 2.87 మీటర్లు. 29 అంగుళాలకు సుమారు 2.31. పోల్చి చూసుకోవాలంటే, 44 పళ్ళ చైన్ వీల్, 18 పళ్ళ ఫ్రీవీల్ (కాళ్ళు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక పళ్ళచక్రం) ఉన్న 28 అంగుళాల మామూలు సైకిలు ఒక చుట్టుకు దాదాపు 5.46 మీటర్లు వెళ్తుంది. అంటే మీ పెద్ద చక్రం పాలసైకిలు కంటే కూడా తక్కువ గేరులోనే ఉంది. పక్క నుంచి పాలాయన దాటిపోతే చిన్నబుచ్చుకోకండి.

రెండోది గెయిన్ రేషియో. చక్రం వ్యాసార్ధాన్ని క్రాంకు పొడవుతో భాగించి, గేరు ఉంటే దానితో గుణించాలి. ఈ అంకె పెద్దదైతే వేగం ఎక్కువ, కాలికి బరువూ ఎక్కువే. 36 అంగుళాల చక్రానికి (వ్యాసార్ధం 457 మి.మీ.) గేరు లేకుండా:

- 165 మి.మీ. క్రాంకు: 2.77
- 150: 3.05
- 137: 3.34
- 125: 3.66
- 110: 4.15
- 100: 4.57

ఇంతకు మించి థియరీ అక్కర్లేదు.

1. ముందు రోడ్డును ఎంచుకోండి

మీరు వారంలో ఎక్కువసార్లు తొక్కేది ఏ రోడ్డు? బరంపురం నుంచి గోపాలపురం బీచికి వెళ్ళే 16 కిలోమీటర్ల రోడ్డు దాదాపు చదును. ఛత్రపురం వైపూ అంతే. దిగపహండి మీదుగా తప్తపాణి వెళ్తే చాలాసేపు చదునుగానే వెళ్ళి చివర్లో ఘాట్ ఎక్కాలి. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడ సగటును నమ్మకండి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, జయపురం సుమారు 660. ఈ తేడాను ఊళ్ళ మధ్య దూరంతో భాగిస్తే ఏటవాలు వందకు సుమారు ఒక మీటరు అని వస్తుంది. అది చూసి 110 క్రాంకు వేసుకున్నవాడు ఘాట్ మొదలైన చోటే దిగి నడుస్తాడు. ఎక్కుడంతా కొన్ని కిలోమీటర్లలోనే ఉంటుంది మరి. ఫోన్ యాప్‌లో ఆ ముక్కను విడిగా చూసి, వందకు ఎన్ని మీటర్లు ఎక్కుతోందో రాసుకోండి. మీ లెక్కంతా ఆ అంకె మీదే.

గాలిని కూడా లెక్కలో వేసుకోండి. ఒడ్డు రోడ్ల మీద ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురొస్తే చదును రోడ్డు కూడా ఎక్కుడులా అనిపిస్తుంది. యూనిసైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి వంగి తప్పించుకునే వీలూ లేదు.

2. మీ చక్రాన్ని మీరే కొలవండి

టైరు మీద రాసిన అంగుళాలు కాగితం లెక్క. గాలి, మీ బరువు కలిస్తే నిజమైన దూరం కొంచెం తగ్గుతుంది. టైరు పక్కన రాసిన హద్దుల్లోనే, మీరు రోజూ పెట్టుకునేంత గాలి పెట్టండి. టైరు నేలను తాకే చోట అడ్డంగా సుద్దగీత గీసి, నేల మీద కూడా అదే చోట గీయండి. సీటు మీద కూర్చుని, స్నేహితుడి భుజం పట్టుకుని, తిన్నగా మూడు చుట్లు వెళ్ళండి. టైరు మీది గీత మళ్ళీ కిందికి వచ్చిన చోట సుద్దపొడి నేలకు అంటుతుంది. ఆ దూరాన్ని మూడుతో భాగించండి. 36 అంగుళాలకు 2.80 నుంచి 2.87 మధ్య వస్తే సరే. అంతకంటే తక్కువ వస్తే గాలి తక్కువైందన్నా అనుకోవాలి, మీరు వంకరగా తొక్కారన్నా అనుకోవాలి.

3. నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతారో చూసుకోండి

చదును రోడ్డు మీద పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కాక, కుడికాలు కిందికి వచ్చిన ప్రతిసారీ లెక్కపెడుతూ 15 సెకన్లు తొక్కండి. నాలుగుతో గుణించండి. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలోనే లెక్కపెట్టాలి, రేసు వేగంలో కాదు.

నిమిషానికి 80 చుట్లయితే 36 అంగుళాల మీద గంటకు సుమారు 13.8 కి.మీ. 100 అయితే 17.2, 120 అయితే 20.7. మీ అంకె 80 లోపే ఉంటే గేరు గురించి ఇప్పుడే ఆలోచించకండి. పాదం గుండ్రంగా తిరగడం ఇంకా అలవాటు కాలేదని అర్థం. గేరు పెట్టినా ఆ కుదుపు పోదు, పెద్దదవుతుంది.

4. క్రాంకు పొడవు తేల్చండి

అసలు పని ఇక్కడే. చదును రోడ్డుకూ ఘాట్‌కూ ఒకే పొడవు సరిపోదు. అందుకే రెండు రంధ్రాల క్రాంకులు (127/150 లేదా 117/137 లాంటివి) కొనమని చెబుతాను. పెడల్ విప్పి ఇంకో రంధ్రంలో బిగిస్తే చాలు, క్రాంకు మార్చే పని లేదు. బరువు కాస్త ఎక్కువే, కానీ ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.

మీ ఘాట్‌కు ఏ క్రాంకు కావాలో ఇలా చూడండి. మీ బరువు, సైకిలు బరువు, నీళ్ళ బరువు కలపండి. దాన్ని ఏటవాలుతో గుణించి వందతో భాగించండి. వచ్చిన దాన్ని గెయిన్ రేషియోతో గుణించండి. ఇది ఆ ఎక్కుడు మీద పెడల్ మీద సగటున పడాల్సిన బరువు.

ఉదాహరణకు, అన్నీ కలిపి 80 కిలోలు, వందకు ఆరు మీటర్లు ఎక్కే రోడ్డు అనుకుందాం. 80 × 6 / 100 = 4.8. 150 క్రాంకుతో 4.8 × 3.05 = 14.6 కిలోలు. 125తో 17.6. 110తో దాదాపు 20. ఇది సగటు మాత్రమే. పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు కాలి బలం పనిచేయదు కాబట్టి, ముందుకు వచ్చినప్పుడు దీని కంటే చాలా ఎక్కువ నొక్కాలి. నా మటుకు, ఈ సగటు మీ ఒంటి బరువులో నాలుగో వంతు దాటితే ఆ క్రాంకుతో ఆ ఘాట్ ఎక్కే ఆశ పెట్టుకోవద్దు. రెండు మలుపుల దాకా ఎక్కుతారేమో. మూడో మలుపు దగ్గర మోకాళ్ళు పేచీ పెడతాయి.

క్రాంకు కుదించుకుంటే వేగం వస్తుందన్నది నిజమే. పాదం తిరిగే వృత్తం చిన్నదై, నిమిషానికి ఎక్కువ చుట్లు తేలిగ్గా పడతాయి. కానీ యూనిసైకిల్‌కు ఫ్రీవీల్ ఉండదు. ఆపేదీ ముఖ్యంగా కాళ్ళే, నిలబెట్టేదీ కాళ్ళే. పెద్ద చక్రం ఒకసారి ఊపందుకుంటే తిరుగుతూనే ఉండాలని చూస్తుంది. పొట్టి క్రాంకుతో దాన్ని లొంగదీయడం కష్టం. మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటారు. మలుపు తిరగ్గానే ఆవు, దాని వెనక గుర్తు పెట్టని స్పీడ్ బ్రేకర్. చెప్పాపెట్టకుండా ఆగాల్సి వస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. మొదటిసారి 36 అంగుళాలు ఎక్కేవాళ్ళు 150తో మొదలుపెట్టండి. పట్టు కుదిరాక ఒడ్డు రోడ్లకు 125 దగ్గరకు రండి. 110, 100 అనేవి ఖాళీ రోడ్డు, మంచి బ్రేకు, అలవాటైన కాళ్ళు మూడూ ఉన్నవాళ్ళకే. ఒకేసారి 150 నుంచి 100కు దూకకండి.

5. ఇప్పుడు గేరు హబ్ సంగతి

దూరం తొక్కేవాళ్ళలో ఎక్కువగా వినిపించే పేరు ష్లుంప్ఫ్ హబ్. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్లోరియన్ ష్లుంప్ఫ్ రూపొందించినది. హబ్ లోపల పళ్ళచక్రాల పొందిక ఉంటుంది. రెండే గేర్లు: ఒకటికి ఒకటి, ఒకటికి 1.55. లివర్లూ వైర్లూ ఉండవు. ఇరుసు రెండు కొసల్లో బొత్తాలు ఉంటాయి, తొక్కుతూ తొక్కుతూ మడమతో తట్టాలి.

36 అంగుళాల మీద పై గేరులో ఒక చుట్టుకు సుమారు 4.45 మీటర్లు. 80 చుట్లకే గంటకు 21 దాటుతుంది. వినడానికి బాగుంది. 150 క్రాంకుతో గెయిన్ రేషియో మాత్రం 4.72 అవుతుంది, అంటే గేరు లేని 100 క్రాంకు కంటే బరువు. 125తో 5.67. గేరు హబ్ వేసుకుంటే క్రాంకు పొడుగ్గానే ఉండాలి, 137 లేదా 150. పొట్టి క్రాంకు, పై గేరు రెండూ కలిపి పెట్టుకోవడమే మొదటి తప్పు.

నన్నడిగితే, సుంకి, కోరాపుట్, రాయగడ వైపు కొండల్లో తొక్కేవాళ్ళకు గేరు పెట్టిన 29 అంగుళాల చక్రమే మేలు. 137 క్రాంకుతో కింది గేరులో 2.69 వస్తుంది. ముందు చెప్పిన లెక్కలో 80 కిలోలకు 13 కిలోల లోపే, ఘాట్ ఎక్కొచ్చు. చదును రాగానే పై గేరులో 4.16. ఇది గేరు లేని 36 అంగుళాలకు 110 క్రాంకు వేసినదానితో సమానం. కాకపోతే ఒక చుట్టుకు 3.59 మీటర్లు వెళ్తుంది కాబట్టి కాళ్ళు నెమ్మదిగా తిప్పితే చాలు. చిన్న చక్రం కనుక బస్సు డిక్కీలో కూడా పడుతుంది. 36 అంగుళాల దాన్ని చూస్తే కండక్టర్ మొహం మారిపోతుంది.

గోపాలపురం, ఛత్రపురం రోడ్ల మీద తొక్కేవాళ్ళకు గేరు లేని 36, రెండు రంధ్రాల క్రాంకులు చాలు. ఆ హబ్ ఒక్కదాని ధరకు మామూలు 36 అంగుళాల సైకిలు కొనుక్కుని ఇంకా డబ్బు మిగుల్చుకోవచ్చు. పైగా విదేశం నుంచి తెప్పించాలి, కస్టమ్స్ వేరు. పాడైతే బాగుచేసే మేస్త్రీ మన బజార్లో దొరకడు.

హబ్ తీసుకుంటే ఇవి గుర్తుంచుకోండి:

- గేరు మారే క్షణంలో కాలి కింద పట్టు పోతుంది. పళ్ళు పట్టుకునేదాకా అర క్షణం పెడల్ ఊరికే జారుతుంది, తర్వాత ఠక్కున పట్టుకుంటుంది. ఆ ఖాళీలో బరువు పెడల్ మీద కాకుండా సీటు మీద ఉండాలి. ముందు గడ్డి మైదానంలో నేర్చుకోండి.
- పై గేరులో ఎక్కకండి, దిగుడులోకి వెళ్ళకండి. వెనక్కి నొక్కి ఆపే బలం పై గేరులో బాగా తగ్గిపోతుంది.
- ఫ్రేము ఆ హబ్‌కు సరిపోతుందో ముందే కనుక్కోండి. హబ్ తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ఏర్పాటు వదులైతే లోపలి పళ్ళు పాడవుతాయి.

6. డబ్బు లేదు, మేస్త్రీ ఉన్నాడు అంటే

చైనుతో నడిచే పొడవాటి జిరాఫీ యూనిసైకిల్‌లో గేరు మార్చడం సులువు. పెడళ్ళ దగ్గరి పై పళ్ళచక్రం పళ్ళను కింది పళ్ళచక్రం పళ్ళతో భాగిస్తే గేరు వస్తుంది. 28కి 18 వేస్తే 1.56, అంటే ఖరీదైన హబ్ ఇచ్చేంతే.

దీనికి రెండు హెచ్చరికలు. "ఫ్రీవీల్ వెల్డింగ్ కొట్టేస్తాను బాబూ, అదే ఫిక్స్ అయిపోతుంది" అని మేస్త్రీ అంటాడు. వద్దనండి. ఫ్రీవీల్ మర ముందుకు తొక్కితే బిగుస్తుంది, వెనక్కి నొక్కితే విప్పుకుంటుంది. యూనిసైకిల్ మీద మీరు క్షణక్షణం వెనక్కి నొక్కుతూనే ఉంటారు. లాక్ రింగు ఉన్న ఫిక్స్‌డ్ పళ్ళచక్రమే వేయించుకోండి. రెండోది, పెద్ద చక్రం పైన పెడళ్ళు వస్తే సీటు మనిషెత్తు దగ్గరకు చేరుతుంది. అంత ఎత్తు నుంచి, ఎక్కువ గేరులో, దూరం తొక్కడం నాకు ఇష్టం లేదు. ఊళ్ళో సరదాకు సరే.

7. బిగించడం

క్రాంకుల మీద కుడి, ఎడమ గుర్తులు చూడండి. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరగ మర. యూనిసైకిల్ ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి చక్రం తిప్పి పెట్టేయడం తేలిక. అలా పెడితే తొక్కేకొద్దీ పెడల్ వదులై, క్రాంకు మర తినేస్తుంది. సీటు ముందు కొస ఎటుందో చూసి, ఎడమ అని రాసినది ఎడమకాలి వైపే ఉందా అని నిర్ధారించుకోండి. మరలకు కొంచెం గ్రీజు రాయండి.

క్రాంకు ఎంత తగ్గిస్తే సీటు అంత పెంచాలి. 150 నుంచి 125కు వస్తే సీటు 25 మి.మీ. పైకి. ఇది మరిచిపోయి "కొత్త క్రాంకు వేశాక మోకాళ్ళు నొప్పి" అని వచ్చేవాళ్ళే ఎక్కువ.

8. సరిగ్గా కుదిరిందా, చూసుకోండి

కొత్త అమరికతో మూడు నాలుగు సార్లు తొక్కి అలవాటయ్యాక ఈ పరీక్షలు చేయండి. మొదటి రోజు ఏది వేసినా కష్టంగానే ఉంటుంది.

*ఎక్కడం.* సాయం లేకుండా పదిసార్లు ఎక్కి చూడండి. ఎనిమిది సార్లయినా కుదరాలి. లేకపోతే ఇంకాస్త పొడవు క్రాంకు. ట్రాఫిక్ మధ్య దిగి మళ్ళీ ఎక్కలేకపోతే ఆ వేగం ఎందుకు?

*ఆగడం.* ఖాళీ రోడ్డు మీద సుద్దగీత గీసి, గంటకు 15 కి.మీ. వేగంతో వచ్చి, గీత దగ్గర నుంచి బ్రేకు లేకుండా కాళ్ళతోనే ఆపండి. ఎన్ని మీటర్లు పట్టిందో కొలవండి. పాత క్రాంకుతోనూ కొత్త క్రాంకుతోనూ పోల్చండి. తర్వాత బ్రేకుతో. బ్రేకు తెగినా ఆగగలనన్న ధైర్యం కలగకపోతే ఆ క్రాంకు మీకు ఇంకా తొందరే.

*గంట తొక్కడం.* మొదటి పది నిమిషాల్లో, చివరి పది నిమిషాల్లో చుట్లు లెక్కపెట్టండి. చివర్లో పది లోపు తగ్గితే మంచిదే. ఇరవై తగ్గితే గెయిన్ రేషియో మీకు ఎక్కువ. ఏమీ తగ్గకుండా, సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే తక్కువ, ఒక మెట్టు పొట్టి క్రాంకు వేసుకోవచ్చు.

*దిగుడు.* ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కొద్దిగా పట్టి ఉంచి, మిగతాది కాళ్ళతో చూసుకోండి. రిమ్ము బ్రేకు అయితే మధ్యమధ్య ఆగి, రిమ్ముకు దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూడండి. సెగ తగులుతుంటే చల్లారాకే కదలండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఫోన్‌లో కనిపించిన గరిష్ఠ వేగం చూసి గేరు నిర్ణయించడం. దిగుడులో గాలి తోడైన ఆ ఒక్క క్షణం మీ వేగం కాదు, సగటు చూడండి.

రెండు మార్పులు ఒకేసారి చేయడం. క్రాంకు, సీటు కోణం, టైరు గాలి మూడూ ఒకే రోజు మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. సీటు ఎత్తు ఒక్కటే క్రాంకుతో పాటు మార్చాల్సింది.

ఇతర దేశాల రైడర్ల అంకెలు తెచ్చుకోవడం. 2008లో కెనడాలోని నోవా స్కోషియాలో 800 కిలోమీటర్ల రిలే రేసు జరిగింది. అందులో వంతులవారీగా తొక్కారు, అలిసినవాడు దిగేవాడు. తప్తపాణి దాకా వెళ్ళిన మీరు మళ్ళీ బరంపురం మీ కాళ్ళ మీదే రావాలి.

ఇంకొకటి. క్రాంకు కొత్తగా బిగించాక మొదటి 20 కిలోమీటర్లకు బోల్టు కాస్త వదులవడం మామూలే. రోడ్డు పక్కన ఆగి, అలెన్ కీతో రెండు వైపులా ఒకసారి బిగించండి. పెడల్ తొక్కినప్పుడల్లా "టక్, టక్" అని చప్పుడు వస్తుంటే ఇంటికి వెళ్ళాక చూద్దాంలే అనుకోకండి. వదులు క్రాంకుతో తొక్కితే ఇరుసు పళ్ళు అరిగిపోతాయి, తర్వాత ఎంత బిగించినా నిలవదు.